సీల్ లేని తీరంలో స్క్విడ్ ప్రాజెక్టు: తిరుపతి నుంచి ఎలా చేయాలి

ముందు మీ ప్రశ్నను కుదించి రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు ఉపయోగం. మీరు ఎస్వీయూలో ఎమ్మెస్సీ జువాలజీ, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు. సీల్స్ మలంలో దొరికే స్క్విడ్ ముక్కులు (నోట్లో చిలక ముక్కులా ఉండే గట్టి భాగాలు) కొలిచి, అవి ఏ సైజు స్క్విడ్లను తిన్నాయో లెక్కగట్టి, బోట్ల వేటతో పోల్చే పరిశోధనలు చదివారు. అలాంటిది తిరుపతిలో ఉండి చేయొచ్చా, 30 చేపల కడుపులు సరిపోతాయా, ముక్కు కొలత నుంచి స్క్విడ్ బరువు లెక్కగట్టే అచ్చయిన సూత్రాలు నేరుగా వాడుకోవచ్చా అన్నవి మీ మూడు సందేహాలు. చేయొచ్చు. 30 సరిపోవు. సూత్రాలు నేరుగా వాడకూడదు. ఈ మూడో మాట దగ్గరే మీ ప్రాజెక్టుకు అసలు విలువ ఉంది కాబట్టి దాని మీద ఎక్కువ రాస్తాను.

మన తీరంలో సీల్స్ నివాసం లేదు. కానీ ఆ పద్ధతి సీల్ సొత్తు కాదు. స్క్విడ్ ముక్కు కైటిన్, ప్రోటీన్ కలిసిన గట్టి పదార్థం. కడుపులోని ఆమ్లానికి కరగదు. చేప చెవిరాయి (తలలో ఉండే చిన్న తెల్ల రాయి) కాల్షియం కార్బొనేట్ కాబట్టి అదే ఆమ్లంలో అరిగిపోతుంది. మెత్తటి ఒళ్లున్న జీవి తన గుర్తుగా వదిలేది ముఖ్యంగా ఆ ముక్కే. ఎలిఫెంట్ సీల్ 1000 మీటర్లకు పైగా మునిగి వేటాడుతుంది, అక్కడికి మామూలు వల పోదు. అలాంటి వేటజీవుల కడుపుల్లో దొరికిన ముక్కుల వల్లే ఆ లోతుల్లోని స్క్విడ్ల గురించి చాలా సంగతులు తెలిశాయి. మీకు కావలసింది స్క్విడ్లను తినే ఏదో ఒక వేటజీవి, దాని కడుపు మీ చేతికి అందే దారి. అంతే.

మీరు చదివిన వాటిలో రెండు వేర్వేరు సమస్యలు కలిసిపోయి ఉంటాయి, వాటిని ముందే విడదీసుకోండి. న్యూజిలాండ్‌కు దక్షిణాన ఆక్లాండ్ దీవుల దగ్గర ఆరో స్క్విడ్ కోసం లాగే ట్రాల్ వలల్లో సీ లయన్లు చిక్కి చనిపోయేవి. 2001 నుంచి ఆ వలల్లో కమ్మీల చట్రం, పైన తప్పించుకునే రంధ్రం పెట్టడం మొదలైంది. స్క్విడ్లు కమ్మీల సందుల్లోంచి వెనక్కి పోతాయి, పెద్ద జంతువు కమ్మీలకు తగిలి పైకి మళ్లుతుంది. ఫాక్లాండ్స్ దగ్గర పటగోనియన్ స్క్విడ్ వేటలోనూ ఇలాంటి చట్రాలే వాడుతున్నారు. ఇది వలలో చిక్కే సమస్య. మీరు అడుగుతున్నది రెండోది: వేటజీవీ బోటూ ఒకే స్క్విడ్ కోసం పోటీ పడుతున్నాయా అన్నది. దీనికి మూడు విషయాలు కలవాలి, ఒకే చోటు, ఒకే కాలం, ఒకే సైజు. మీ ప్రాజెక్టును ఈ మూడో దానికి కట్టండి. మొదటి రెండూ నమూనా ఎంపికలోనే తీరిపోయేలా చూసుకోవచ్చు.

ఏ చేప తీసుకోవాలి? వంజరం, సూర (ట్యూనా), కోబియా, సావళ్లు, నాలుగూ స్క్విడ్లను తింటాయి. నా ఓటు సావళ్లకు, అంటే రిబ్బన్ చేప, ట్రైకియూరస్ లెప్టురస్. అది ట్రాల్ వలలో స్క్విడ్లతో పాటే పడుతుంది కాబట్టి చోటు, కాలం ఒకటే అవుతాయి. ధర తక్కువ, చేపను మొత్తంగా కొనుక్కోవచ్చు. వంజరం ముక్కలుగా అమ్ముడుపోతుంది, పేగులు మాత్రం కోసేవాళ్ల దగ్గర ఊరికే దొరుకుతాయి. కానీ ఆ పేగులు ఏ పొడవు చేపవో, ఎక్కడ పడిందో తెలియకుండా వస్తాయి. గిల్‌నెట్‌లో (నీళ్లలో గోడలా నిలబెట్టే వలలో) చిక్కిన వంజరం వలలోనే గంటల తరబడి ఉండిపోవడంతో చాలాసార్లు కడుపు ఖాళీగానో, గట్టి ముక్కలు మాత్రమే మిగిలో ఉంటుంది. సూర విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. గాలాలతో పట్టే బోట్లు స్క్విడ్‌నే ఎరగా వాడతాయి. కడుపులో తాజా స్క్విడ్ ముక్క, అంచు కత్తితో కోసినట్టు తిన్నగా, దానికి గాలం గుచ్చిన రంధ్రం కనిపిస్తే అది ఆహారం కాదు, ఎర. దాన్ని లెక్కలోకి తీసుకున్నారంటే ప్రాజెక్టు మొత్తం తలకిందులవుతుంది.

సావళ్లతోనూ చిక్కులున్నాయి. ఒకటి, ఇవి తమ జాతినే తింటాయి, కడుపులో సావడ పిల్లలు దొరికితే కంగారు పడకండి, నమోదు చేయండి. రెండు, వల చివరి సంచిలో ఇరుక్కున్నప్పుడు పక్కనున్న వాటిని నోట కరుచుకుంటాయి. నోట్లో, గొంతులో ఉన్నవి, కడుపులో ఉన్నా చర్మం నిగనిగలాడుతూ ఒక్క గాటు కూడా అరగని జీవులు వలలో మింగినవి అయి ఉండొచ్చు. వాటిని విడి గడిలో రాసి, లెక్క వాటితో ఒకసారి, అవి లేకుండా ఒకసారి చేసి రెండూ చూపించండి.

ఇక చోటు. 2022 జిల్లాల పునర్విభజనతో పులికాట్ తీరం తిరుపతి జిల్లాలోకి వచ్చింది కాబట్టి మీకు సూళ్లూరుపేట, తడ దగ్గర అనిపిస్తుంది. స్క్విడ్ కోసం సరస్సు లోపల వెతకకండి. ఈ జాతులు ఉప్పుదనం తగ్గితే తట్టుకోలేవు, ముఖద్వారం దాటి లోపలికి పెద్దగా రావు. బయట సముద్రం వైపు మన తీరంలో ఎక్కువగా ఉండేవి ఇంజను బిగించిన ఫైబర్ బోట్లు, గిల్‌నెట్లు. స్క్విడ్లు గుట్టలుగా దిగేది మరబోట్లు ట్రాల్ లాగే రేవుల్లో. మీకు అనుకూలమైనది చెన్నై కాశిమేడు, తిరుపతి నుంచి సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి బోట్లు ఆంధ్ర తీరం ఎదుటికి కూడా వేటకు వస్తాయి. వేలం తెల్లవారుజామునే జరుగుతుంది, పొద్దున బయలుదేరే బస్సు ఎక్కితే మీరు చేరేసరికి మిగిలేది ఏరగా వదిలేసినవే. ముందు రాత్రి చేరుకోవాలి. తిరుపతి బజారులో కొన్న చేప ఆహార అధ్యయనానికి పనికిరాదు, ఎప్పుడు ఎక్కడ పట్టారో అమ్మేవాళ్లకే తెలియదు. ముక్కు కోయడం, కొలవడం చేతికి అలవాటు చేసుకోవడానికి మాత్రం అక్కడ కొనండి.

కాలెండరు ముందే గీసుకోండి. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు. చివరి సెమిస్టర్ డిసెంబరులో మొదలైతే మీకు దక్కేది ఏప్రిల్ 14 దాకానే. నవంబరు, డిసెంబరుల్లో వాయుగుండాలు పడితే బోట్లు రేవు కదలవు. శ్రీహరికోట ప్రయోగాల రోజుల్లో ఆ చుట్టుపక్కల సముద్రంలోకి పడవలను వెళ్లనివ్వరు, మన తీరం బోట్ల మీద ఆధారపడితే ఆ తేదీలూ చూసుకోవాలి. నమూనాల సేకరణ మార్చి చివరికి పూర్తయ్యేలా పెట్టుకుంటే ఏప్రిల్ మొదటి రెండు వారాలు తక్కువ పడినవి పూడ్చుకోవడానికి ఉంటాయి.

30 కడుపులు ఎందుకు చాలవో లెక్క చూడండి. నూటికి 5 చేపల కడుపుల్లోనే స్క్విడ్ ఉందనుకుందాం. 30 కోస్తే ఒక్కటి కూడా కనబడకపోయే అవకాశం 0.95ను 30 సార్లు గుణిస్తే వచ్చేది, అంటే దాదాపు 21 శాతం. అయిదింట ఒక వంతు అవకాశంతో మీరు "సావళ్లు స్క్విడ్ తినవు" అని తప్పు రాస్తారు. 60 కోస్తే అది 5 శాతం లోపుకు దిగుతుంది. ఇది ఉందా లేదా అన్నంత వరకే. సైజులు పోల్చాలంటే కొలవదగ్గ ముక్కులు కనీసం 40, 50 కావాలి. పైగా ఖాళీ కడుపులు చాలా వస్తాయి, అవి కూడా డేటానే, పారేయకుండా సంఖ్య రాయండి. 150 నుంచి 200 చేపలు పెట్టుకోండి. ఒకే బోటు నుంచి 100 తేవడం కంటే పది బోట్ల నుంచి 15 చొప్పున తేవడం మేలు, ఒక గుంపులోని చేపలు ఒకే భోజనం చేసి ఉంటాయి. కోస్తూ పోతూ, కొత్త ఆహార రకం ఎన్నో కడుపు దగ్గర కనబడిందో గ్రాఫు గీయండి. గీత చదునైతే ఆపండి.

రేవులో చేయాల్సింది. విభాగాధిపతి సంతకంతో లేఖ దగ్గర పెట్టుకోండి, లోపలికి రానివ్వడానికి, సరంగు (బోటు నడిపేవాడు) మాట్లాడటానికి అది పనికొస్తుంది. సరంగును నాలుగే అడగండి: ఎన్ని రోజుల వేట, ఎన్ని బారల లోతు, వల ఒక్కోసారి ఎన్ని గంటలు లాగారు, ఈ పెట్టె ఏ రోజుది. రోజుల తరబడి వేటాడే బోటులో మొదటి రోజు సరుకు మంచులో అడుగున ఉంటుంది, చివరి రోజుది పైన. అడుగు సరుకు కడుపులో అరుగుదల చచ్చాక కూడా కొంత సాగి ఉంటుంది. చివరి రోజు లాగులోదే అడిగి తీసుకోండి. పేర్ల విషయంలో జాగ్రత్త, కణవా అన్న మాట స్క్విడ్‌కూ కటిల్‌ఫిష్‌కూ వినిపిస్తుంది. విన్నది రాసుకోకుండా చూసి రాసుకోండి. థర్మాకోల్ పెట్టెలో చేప బరువుకు సమానంగా మంచు, చేపలు విడివిడి కవర్లలో. స్క్విడ్లకు మంచు నేరుగా తగలకూడదు. కరిగిన మంచినీరు పీల్చి బరువు పెరుగుతాయి, మీ బరువు సమీకరణం అక్కడే చెడిపోతుంది. రైల్లో తెచ్చేటప్పుడు నీరు కారకుండా రెండో కవరు వేసి టేపు చుట్టండి.

ల్యాబ్‌లో ముందు సావడ పొడవు. దాని తోక దారంలా సాగి తరచూ తెగి ఉంటుంది కాబట్టి మొత్తం పొడవు నమ్మకానికి రాదు. ముట్టె కొస నుంచి మలద్వారం దాకా కొలవండి, ఈ జాతికి అదే వాడుక. బరువు, లింగం రాసి కడుపు తీసి, నిండుగా తూచి, కోసి, లోపలిది కడిగి, ఖాళీగా మళ్లీ తూచండి. కడగడానికి జల్లెడలు కొననక్కర్లేదు. సివిల్ ఇంజనీరింగ్ విభాగం మట్టి పరీక్ష జల్లెడల్లో 2.36 మి.మీ., 1.18 మి.మీ., 425 మైక్రాన్ మూడూ ఒకదానిపై ఒకటి పెడితే చాలు. సీల్ మలానికి వాడేది అర మిల్లీమీటరు జల్లెడ, 425 దానికి దగ్గర. కుళాయి ధార నెమ్మదిగా ఉండాలి, జోరుగా వదిలితే చిన్న ముక్కు రెక్కలు చిరుగుతాయి. కడుపు గోడ మడతలను వేలితో తెరిచి చూడండి, జిగురులో ముక్కులు అతుక్కుని దాక్కుంటాయి. ఒకే ట్రేలో అన్నీ వెతకవద్దు: ముక్కులు ముదురు గోధుమ రంగు కాబట్టి తెల్ల ట్రేలో, చెవిరాళ్లు తెల్లన కాబట్టి నల్ల ట్రేలో. ఇంత చిన్న మార్పుతో దొరికేవాటి సంఖ్య స్పష్టంగా పెరుగుతుంది. సన్నటి తెల్ల పురుగులు కనిపిస్తే అవి పరాన్నజీవులు, ఆహారం కాదు. చేతితొడుగులు తప్పనిసరి.

నిల్వ దగ్గర ఎక్కువమంది చేసే పొరపాటు అన్నిటినీ ఫార్మలిన్‌లో పడేయడం. ఫార్మలిన్ కాలంతో ఆమ్లమవుతుంది, చెవిరాళ్లు అందులో కరిగిపోతాయి. చెవిరాళ్లను కడిగి, ఆరబెట్టి, చిన్న గొట్టాల్లో పొడిగా పెట్టండి. ముక్కులకు సరిగ్గా దానికి వ్యతిరేకం, ఎండకూడదు. ఎండితే ముడుచుకుని పగులుతాయి, తర్వాత నానబెట్టినా పాత ఆకారానికి రావు. 70 శాతం ఇథనాల్‌లో ఉంచండి. 95 శాతం స్పిరిట్ ఉంటే 737 మి.లీ. తీసుకుని డిస్టిల్డ్ వాటర్‌తో లీటరుకు నింపితే 70 అవుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ముక్కు కొలతను స్క్విడ్ బరువుగా మార్చే సూత్రం. అది ఇలా ఉంటుంది: బరువు సమానం ఎ గుణకం, దాన్ని కింది ముక్కు కొస పొడవు యొక్క బి ఘాతంతో గుణించాలి. ఈ ఎ, బి రెండూ జాతిని బట్టి మారతాయి, ఒకే జాతిలోనూ సముద్రాన్ని బట్టి, మగ ఆడను బట్టి మారతాయి. సీల్ పరిశోధనల్లోని సూత్రాలు చల్లటి దక్షిణ సముద్రాల్లోని వేరే జాతులవి. మన దగ్గర ఎక్కువగా పడేది యురోట్యూథిస్ డువాసెలీ అనే ఇండియన్ స్క్విడ్. కటిల్‌ఫిష్‌లలో సెపియా ఫరోనిస్, సెపియా అక్యులియాటా, చిన్నదైన సెపియెల్లా ఇనర్మిస్. ఇండియన్ స్క్విడ్‌కు మీ సొంత సూత్రం మీరే కట్టుకోవాలి, అది కష్టమైన పని కాదు. నిజానికి మీ కడుపుల డేటా అంతంతమాత్రంగా వచ్చినా, శ్రద్ధగా కట్టిన ఈ ఒక్క సూత్రం మీ తర్వాత వచ్చేవాళ్లకు పనికొస్తుంది.

అన్ని సైజుల స్క్విడ్లూ కావాలి. శరీరపు గొట్టం పొడవు 4 సెం.మీ. నుంచి 20 సెం.మీ. దాకా, 2 సెం.మీ. చొప్పున 8 తరగతులు చేసి, ఒక్కో తరగతికి 8 చొప్పున 64 తీసుకోండి. 20 దాటినవి దొరికితే అదనంగా చేర్చండి. దొరికినవన్నీ కొంటే మధ్య సైజువే 50 వచ్చి, రెండు కొసల దగ్గర గీత ఎటు తిరుగుతుందో తెలియదు. పైగా పెద్ద సైజువి ఎగుమతి వాళ్లు రేవులోనే ఏరి తీసుకుంటారు, బజారుకు వచ్చేవి చిన్నవి. కాబట్టి ఏరక ముందే, వేలం దగ్గరే తీసుకోవాలి. గొట్టం పొడవు వీపు వైపు కొలవాలి, తల వైపు ముందుకు పొడుచుకొచ్చిన అంచు నుంచి తోక కొస దాకా. మగవి పెద్దవిగా పెరుగుతాయి, లింగం తప్పకుండా రాయండి. పొట్ట వైపు చివరి చేతుల జతలో ఎడమదాని కొస మారిపోయి ఉంటే మగ. గొట్టం కోస్తే తెల్లటి పెద్ద గ్రంథుల జత కనిపిస్తే ఆడ, లేత వాటిలో ఇవి చిన్నవిగా ఉంటాయి కాబట్టి తొందరపడవద్దు.

ముక్కు తీయడానికి చేతులను విప్పదీసి మధ్యలో ఉన్న గుండ్రటి కండ ముద్దను కిందినుంచి నొక్కితే బయటికి వస్తుంది. దాన్ని అలాగే నీళ్లలో వేసి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు ఉంచి, రోజూ నీళ్లు మార్చండి. కండ కుళ్లి దానంతట అదే జారిపోతుంది. వాసన వస్తుంది, మూతున్న డబ్బా వాడండి. తొందరపడి పటకారుతో లాగితే కింది ముక్కు రెక్కలు విరుగుతాయి. రెండు ముక్కుల అమరిక చిలక ముక్కుకు తిరగేసినట్టు ఉంటుంది: ఇక్కడ కిందిదే పైదాన్ని కప్పుతుంది. కిందిదానికి పక్కలకు విచ్చుకున్న వెడల్పు రెక్కలు, పొట్టి కప్పు (కొస వెనక టోపీలా ఉండే భాగం) ఉంటాయి. పైదానికి అలా విచ్చుకున్న వెడల్పు రెక్కల్లేవు, కప్పు పొడవుగా ఉంటుంది. కొలవాల్సింది కిందిదాన్నే. కొరికే కొస మొన నుంచి, కొరికే అంచు రెక్కను కలిసే మూల దాకా తిన్నగా ఉన్న దూరం. కటిల్‌ఫిష్‌కు, ఆక్టోపస్‌కు ఆ మూల స్పష్టంగా ఉండదు, వాటికి కప్పు పొడవు కొలుస్తారు. అందువల్ల అన్నిటినీ ఒకే సూత్రంలో కలపడం కుదరదు.

ఈ కొలత మధ్యస్థం స్క్విడ్‌లో ఒకటి, రెండు మిల్లీమీటర్లే. అసలు ఇబ్బంది ఇక్కడే. 1.5 మి.మీ. ముక్కును 1.6 అని చదివారనుకోండి. బి విలువ 3కు దగ్గరైతే బరువు 1.6ను 1.5తో భాగిస్తే వచ్చినదాని ఘనమంత, అంటే 21 శాతం ఎక్కువ వస్తుంది. పదో వంతు మిల్లీమీటరు పొరపాటుకు అయిదో వంతు బరువు తప్పు. అందుకే కాలిపర్ పక్కన పెట్టి స్టీరియో మైక్రోస్కోపు కింద, కంటికటకంలోని స్కేలును స్టేజి మైక్రోమీటరుతో సరిచూసుకుని కొలవండి. జూమ్ మార్చిన ప్రతిసారీ మళ్లీ సరిచూడాలి. ముక్కు పక్కకు వాలి ఉంటే కొలత తగ్గుతుంది, మైనపు ముద్దలో గుచ్చి మొన, మూల రెండూ ఒకే ఫోకస్‌లోకి వచ్చేలా పెట్టండి. దీపం వేడికి ముక్కు నిమిషాల్లో ఎండుతుంది, స్పిరిట్ చుక్క వేస్తూ ఉండండి. 20 ముక్కులను వేరే రోజు, పాత అంకెలు చూడకుండా మళ్లీ కొలిచి, తేడా ఎంతో థీసిస్‌లో రాయండి. పరీక్షకులు మొదట చూడాల్సిన అంకె అది, చాలా థీసిస్‌లలో కనబడదు.

గీత వేసేటప్పుడు రెండు వైపులా సహజ లాగరిథమ్ తీసుకుని సరళరేఖ వేస్తారు. తిరిగి గ్రాముల్లోకి మార్చేటప్పుడు సగటు బరువు తక్కువగా వస్తుంది, అందరూ మరిచేది ఇదే. మిగులు ప్రామాణిక విచలనం (గీతకూ కొలతలకూ మధ్య తేడాలది) 0.4 అయితే దాని వర్గంలో సగం 0.08, e (2.718) యొక్క 0.08 ఘాతం 1.083. అంటే 8 శాతం తక్కువ చూపుతున్నారు, అంతతో గుణించి సరిచేయాలి. విచలనం 0.2 అయితే తేడా 2 శాతమే. మీరు కొన్న స్క్విడ్ల సైజు పరిధి దాటి సూత్రాన్ని సాగదీయకండి. కడుపులో అంతకంటే చిన్న ముక్కు దొరికితే "4 సెం.మీ. లోపు" అని రాసి వదిలేయండి.

ఒక సులువు కూడా ఉంది. కడుపులో ముక్కుతో పాటు పారదర్శకంగా ఈకలా ఉండే స్క్విడ్ వెన్ను పలక విరగకుండా దొరికితే, దాని పొడవే దాదాపు గొట్టం పొడవు. సూత్రంతో వచ్చిన విలువను దానితో పోల్చి చూసుకోవచ్చు.

లెక్కింపులో ఒక కడుపులో పై ముక్కులు 5, కింది ముక్కులు 3 ఉంటే స్క్విడ్లు 5. పెద్ద సంఖ్యే తీసుకోవాలి. తర్వాత వచ్చే పెద్ద చిక్కు, ముక్కులు అరగవు కాబట్టి పోగవుతాయి, చెవిరాళ్లు అరిగి మాయమవుతాయి. రెండూ కలిసి స్క్విడ్ వాటాను పెంచి, చేపల వాటాను తగ్గించి చూపుతాయి. సీల్ పరిశోధకులు దీన్ని సరిచేయడానికి పెంపుడు సీల్స్‌కు లెక్కపెట్టి స్క్విడ్లు తినిపించి, ఎన్ని ముక్కులు ఎప్పుడు బయటికొచ్చాయో చూశారు. మీకు ఆ వీలు లేదు. బదులుగా ప్రతి ముక్కునూ రెండుగా విడదీయండి. కండ అంటుకుని ఉన్నవి లేదా రెక్కల పలచటి అంచు చెక్కుచెదరనివి తాజా, అంచు తినేసినట్టు అరిగినవి పాత. ఉదాహరణకు ఇలా అనుకోండి: 40 నిండు కడుపుల్లో మొత్తం 150 ఆహార జీవులు, అందులో స్క్విడ్లు 12, అవి 8 కడుపుల్లో. సంఖ్యలో వాటా 8 శాతం, కనబడిన తరచుదనం 20 శాతం. ఆ 12లో 6 పాతవని తీసేస్తే సంఖ్యలో వాటా 144లో 6, అంటే 4.2 శాతం. సగానికి పడిపోయింది. సంఖ్య శాతం, బరువు శాతం కూడి తరచుదనంతో గుణించే ఐఆర్ఐ (ఆహారంలో సాపేక్ష ప్రాధాన్యం చూపే) సూచిక వేస్తే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. అందుకే ఐఆర్ఐ ఒక్కటే ఇచ్చి వదిలేయకుండా మూడు అంకెలూ విడిగా పట్టికలో పెట్టండి.

చివరికి పోలిక. అదే బోట్లలో ఏరకముందు ఒక బుట్ట స్క్విడ్ల గొట్టం పొడవులు కొలవండి, బోటుకు 50 అయినా చాలు. కడుపుల్లోని స్క్విడ్ల పొడవులు, వలలోవి, రెండింటినీ 2 సెం.మీ. తరగతులుగా శాతాల్లో రాయండి. ప్రతి తరగతిలో రెండు శాతాల్లో చిన్నదాన్ని తీసుకుని అన్నీ కూడితే వచ్చేది అతివ్యాప్తి. 60 శాతం దాటితే ఎక్కువ అని చెప్పడం ఆనవాయితీ. వల చివరి సంచి కన్ను సైజు, తడిపి సాగదీసి కొలిచినది, పక్కనే రాయండి, చిన్న స్క్విడ్లు వలలో లేకపోవడానికి కారణం కన్నే కావొచ్చు.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెబుతాను. అతివ్యాప్తి ఎక్కువ వచ్చినంత మాత్రాన పోటీ ఉందని రాయకండి. ఇద్దరికీ చాలనంత తక్కువ స్క్విడ్ ఉంటేనే అది పోటీ. ఈ స్క్విడ్ ఆయుష్షు ఏడాదికి అటూ ఇటూ, ప్రతి ఏటా గుంపు దాదాపు మొత్తం కొత్తదవుతుంది, ఏటేటి హెచ్చుతగ్గుల్లో సముద్రపు పరిస్థితులకు పెద్ద వాటా ఉంది. పైగా అదే ట్రాల్ సావళ్లనూ పట్టుకుపోతోంది, అంటే స్క్విడ్ శత్రువును కూడా తగ్గిస్తోంది. సావడ స్క్విడ్‌తో పాటు స్క్విడ్‌ను తినే ఇతర చేపలనూ తింటుంది. సీల్స్‌ను తగ్గిస్తే మత్స్యకారుల పట్టు పెరుగుతుందన్న వాదన చాలా దేశాల్లో తడబడింది ఈ గొలుసు దగ్గరే. మీ శీర్షికలో "పోటీ" బదులు "సైజు అతివ్యాప్తి" అని పెట్టుకుంటే మీ డేటా మోయగలిగినంతే చెప్పినట్టవుతుంది.

ఆ మూడు సందేహాలతో పాటు ఐసోటోపుల గురించి కూడా అడిగారు, అంటే ఒంట్లోని నత్రజని లాంటి మూలకాల బరువైన, తేలికైన రూపాల నిష్పత్తిని బట్టి ఆహార గొలుసులో జీవి ఏ మెట్టులో ఉందో చూసే పద్ధతి. ఎమ్మెస్సీ బడ్జెట్‌కు నేను సలహా ఇవ్వను. చేస్తే ఒకటే గుర్తుంచుకోండి, ముక్కులో కైటిన్ ఉండటం వల్ల నత్రజని-15 విలువ అదే స్క్విడ్ కండ కంటే తక్కువ వస్తుంది, రెండింటినీ ఒకే గ్రాఫులో కలిపితే స్క్విడ్ ఒక మెట్టు కిందికి దిగినట్టు కనబడుతుంది.

చట్టం విషయం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన డాల్ఫిన్ కడుపు ఈ అధ్యయనానికి బంగారమే, కానీ అది వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 మొదటి షెడ్యూల్‌లో ఉంది, చచ్చినదాన్ని కూడా అనుమతి లేకుండా ముట్టుకోకూడదు. అటవీ శాఖకు కబురు చేయండి. 2022 సవరణ తర్వాత సొర, టేకు (రే) చేపల్లో చాలా జాతులు షెడ్యూళ్లలోకి వచ్చాయి, గుర్తుపట్టడం తెలియనప్పుడు వాటి జోలికి పోవద్దు. నేలపట్టులోనో పులికాట్‌లోనో పక్షులు కక్కిన ఉండలు ఏరాలనుకున్నా అభయారణ్యం అనుమతి ముందు తీసుకోవాలి, అది వచ్చేసరికి సెమిస్టర్ అయిపోవచ్చు.

చేపల గుర్తింపులో సందేహాలొస్తే అడగడానికి నెల్లూరు జిల్లా ముత్తుకూరులో ఫిషరీ సైన్స్ కళాశాల, చెన్నైలో సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) కేంద్రం ఉన్నాయి. ముక్కు తీసిన ప్రతి స్క్విడ్‌కూ మొత్తం శరీరం ఫొటో, పక్కన స్కేలు ఉండాలి. రేపు జాతి పేరు మీద ప్రశ్న వస్తే చూపించడానికి అదే ఆధారం. సీసాల్లో లేబుల్ లోపలే వేయండి, మందపాటి కాగితం మీద పెన్సిల్‌తో. పెన్ను సిరా స్పిరిట్‌లో వారం తిరక్కుండానే కరిగిపోతుంది. లేబుల్ మీద తేదీ, రేవు, బోటు సంఖ్యకు మీరిచ్చిన గుర్తు, లోతు, గొట్టం పొడవు, బరువు, లింగం ఉండాలి. ప్రాజెక్టు అయ్యాక ఆ 64 జతల ముక్కులను ఇంటికి తీసుకెళ్లకుండా విభాగం మ్యూజియంలో అప్పగించండి, స్పిరిట్ ఆరు నెలలకోసారి నింపాలని మూత మీద రాసి మరీ.